సవ్వడి లేని చల్లదనం

వాల్వు రేడియోను ఇంటిలో ఉంచుకొన్న కుటుంబాలకు ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. ఆ పెట్టె పాడుతూ పాడుతూ వేడెక్కేది. మీట తిప్పిన తరువాత వాల్వులు ఎర్రబారి గొంతు విప్పటానికి అర నిమిషం పట్టేది. గంటసేపు విన్న పిమ్మట పెట్టె పైభాగాన చేయి వేస్తే వెచ్చగా తగిలేది. వెనుక అట్టకు వరుసగా కన్నాలు ఉండేవి. గోడకు ఆనించి పెట్టవద్దని అమ్మినవారు చెప్పి పంపేవారు. అంతకు మించిన ఏర్పాటేదీ లేదు. నలభై, ఏభై వాట్ల విద్యుత్తును మ్రింగి, అందులో అధిక భాగాన్ని వేడిగా మార్చి, ఆ వేడిని కన్నాలగుండా మౌనంగా బయటకు పంపి, సంగీతాన్ని మాత్రం మనకు మిగిల్చేది.

ఆ రేడియో బల్లమీద ఈనాడు అనేక గృహాలలో చిన్న కంప్యూటరు కూర్చున్నది. అరచేతి వెడల్పు మాత్రమే ఉండే ఈ పెట్టెలలో చాలావరకు పది పదిహేను వాట్లతో పనిచేస్తవి. పాత రేడియో తిన్నదానిలో మూడవ వంతుతో సరిపెట్టుకొంటవి. అయినప్పటికీ వీనిలో అనేకం లోపల ఒక చిన్న పంకాను దాచుకొని ఉంటవి. రాత్రి పదిగంటలు దాటి వీధి సద్దుమణిగిన తరువాత ఆ పంకా రొద స్పష్టంగా వినవస్తుంది. ఎక్కువ తిన్నది మౌనంగా ఉండటమేమి, తక్కువ తిన్నది గోల చేయటమేమి?

సమాధానంలో సగం వైశాల్యానికి సంబంధించినది. గాజు వాల్వు వేడిని లెక్కచేయదు. అసలు వేడెక్కితేనే అది పనిచేస్తుంది. దాని వేడి పెద్ద కొయ్యపెట్టె అంతటా పరచుకొని, మెల్లగా పైకి లేచి పోతుంది. కంప్యూటరుకు గుండెకాయ అనదగిన చిప్పు వ్రేలిగోరంత సిలికాన్ ముక్క. వేడిమి నూరు సెంటీగ్రేడు డిగ్రీల ప్రాంతానికి చేరితే దానికి కష్టకాలమే. పది వాట్లే కావచ్చు. అవి గోరంత చోట పుట్టినప్పుడు అక్కడినుండి తోడి బయటకు మోయటానికి ఎవరో ఒకరు ఉండాలి. ఆ మోత లోహం చేయవచ్చు, నీరు చేయవచ్చు, గాలి చేయవచ్చు. చివరకు గాలికి అప్పగించక తప్పదు. ఆ గాలి తనంతట తాను కదిలితే చప్పుడు లేదు. కదిలించవలసి వస్తే ఉన్నది.

మిగిలిన సగం చరిత్రకు సంబంధించినది. దానిని కొంచెం వివరంగా చెప్పుకొందాము.

అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో నిర్మితమై 1946 ఫిబ్రవరిలో లోకానికి ప్రదర్శింపబడిన ఎనియాక్ యంత్రంలో దాదాపు 18,000 వాల్వులు ఉండేవి. అది సుమారు 150 కిలోవాట్ల విద్యుత్తును తీసుకొనేది. మన ఇండ్లలోని వాల్వు రేడియోలను మూడువేలు తెచ్చి ఒకే గదిలో పెట్టి ఒక్కసారిగా మీట తిప్పితే ఎంత వేడి పుడుతుందో అంత వేడి అక్కడ పుట్టేది. ఆ వేడిని తరమటానికి గాలిని బలవంతంగా తోసే యంత్రాలను అమర్చినారు. ఏ బీరువాలోనైనా ఉష్ణోగ్రత 115 ఫారన్‌హీటు డిగ్రీలు, అనగా సుమారు 46 సెంటీగ్రేడు డిగ్రీలు, మించితే దానంతట అదే విద్యుత్తు ఆగిపోయే ఏర్పాటు ఉండేది. మన పల్నాటి రెంటచింతలలో వేసవి ఎండ ఆ అంకెను అందుకొన్న రోజులు ఉన్నవి. ఎనియాక్‌ను అక్కడ నిలిపి ఉంటే మధ్యాహ్నపు లెక్కలన్నీ రాత్రికి వాయిదా పడేవి.

ఆ యంత్రం చేసిన రొదను గురించి ఎవరూ పెద్దగా ఫిర్యాదు చేయలేదు. కారణం స్పష్టమే. ఆ కాలాన కంప్యూటరు మనుష్యుల మధ్య ఉండేది కాదు. మనుష్యులే దాని గదికి వెళ్ళేవారు. మన దేశంలో కూడా 1960, 1970లలో కంప్యూటరు గల సంస్థలలో దానికొక చల్లని గది ప్రత్యేకంగా ఉండేది. గుమ్మం వద్ద చెప్పులు విడిచి, దేవాలయంలో అడుగుపెట్టినట్లు లోపలికి పోయేవారు. ఆ గదిలో శీతల యంత్రాల హోరును అందరూ గర్భగుడిలోని గంటల మోతవలె అంగీకరించినారు. సేమూర్ క్రే నిర్మించి 1976లో లాస్ అలమోస్ ప్రయోగశాలకు పంపిన మహాయంత్రం క్రే-1 నూరు కిలోవాట్లకు పైగా వేడిని పుట్టించేది. రెఫ్రిజిరేటరులో వాడే ఫ్రియాన్‌ను గొట్టాలలో ప్రవహింపజేసి దానిని చల్లబరచినారు. 1985నాటి క్రే-2లోనైతే పలకలన్నింటినీ విద్యుత్తు ప్రవహించని ఒక ద్రవంలో ముంచివేసినారు. ఇవి రాజుల వైభవాలు. మన కథ సామాన్యుని ఇంటిలో మొదలవుతుంది.

కంప్యూటరు ఇంటికి వచ్చిన తరువాతనే చప్పుడు ఒక సమస్య అయినది. 1977లో ఆపిల్-2 అనే గృహ కంప్యూటరు వెలువడినది. ఆ సంస్థ స్థాపకులలో ఒకరైన స్టీవ్ జాబ్స్ పంకా చప్పుడును సహించేవారు కాదు. ఇంటిలో, బల్లమీద, మనిషి ఆలోచించుకొనే చోట ఉండవలసిన వస్తువు హోరెత్తరాదని ఆయన పట్టుదల. రాడ్ హోల్ట్ అనే ఇంజనీరు ఆ పట్టుదలకు మార్గం చూపినారు. అప్పటివరకు ఇటువంటి యంత్రాలకు బరువైన ట్రాన్స్‌ఫార్మరు ఉండేది. వచ్చిన విద్యుత్తులో అక్కరలేని భాగాన్ని వేడిగా పారవేసి, కావలసిన వోల్టేజిని నిలిపేవారు. హోల్ట్ విద్యుత్తును సెకనుకు వేల పర్యాయాలు కలుపుతూ, తెంపుతూ, అవసరమైనంత మాత్రమే లోపలికి వదిలే స్విచింగు పద్ధతిని ఎన్నుకొన్నారు. ఈ పద్ధతి ఆయన కనిపెట్టినది కాదు, అంతకుముందే తెలిసినదే. కాని ఇంటి కంప్యూటరులో దానిని ప్రవేశపెట్టిన ఫలితంగా పెట్టె చిన్నదైనది, వేడి తగ్గినది, పంకా అనవసరమైనది. చల్లబరచే ఉపాయం కోసం వెదకకుండా వేడినే తగ్గించినారన్న విషయాన్ని పాఠకులు గమనించవలెను. ఈ మాట మళ్ళీ మళ్ళీ వస్తుంది.

మూడేండ్ల తరువాత 1980లో ఆపిల్-3 వచ్చినది. ఈసారి వరుస తారుమారైనది. పంకా ఉండకూడదన్న నిర్ణయం ముందు జరిగినది. యంత్రం దానికి తగినట్లు తరువాత ఒదగవలసి వచ్చినది. బరువైన అల్యూమినియం పోతపోసిన దిగువభాగమే వేడిని పీల్చి బయటకు వదలుతుందని ఆశించినారు. యంత్రంలో మాత్రం విడిభాగాలు మునుపటికన్న ఎక్కువ, ఇరుకు కూడా ఎక్కువ. అమ్మకానికి వచ్చిన యంత్రాలు వరుసగా మొరాయించినవి. చిప్పులు తమ గూళ్ళలో కుదురుగా నిలువలేదు. యంత్రాన్ని బల్లమీదనుండి రెండు మూడు అంగుళాలు పైకెత్తి వదిలిపెడితే చిప్పులు మళ్ళీ తమ చోట కూర్చుంటవని వాడుకదారులకు సలహా చెప్పినారన్న సంగతి కంప్యూటరు చరిత్రలో సుప్రసిద్ధం. తొలి విడతలోని దాదాపు 14,000 యంత్రాలను మార్చి ఇవ్వవలసి వచ్చినది. నిందనంతటినీ వేడిమి మీద మోపటం న్యాయం కాదు. పలకమీద తీగల ఇరుకు, సరిగా బిగియని కనెక్టర్లు కూడా కారణాలని అందులో పనిచేసినవారు తరువాత చెప్పినారు. నాకు మాత్రం వారి ప్రధానమైన పొరపాటు వరుసలోనే కనిపిస్తుంది. నిశ్శబ్దాన్ని ముందుగా శాసించి, వేడిని తరువాత బ్రతిమాలినారు.

అయినా ఆ పట్టుదల చల్లారలేదు. 1984నాటి మేకింటోషులో కూడా పంకా లేదు. పాత రేడియోలవలెనే పైభాగాన చీలికలు పెట్టి, వేడిగాలి తనంతట తాను పైకి లేచిపోయే ఏర్పాటు చేసినారు. దానిని ముద్దుగా రొట్టెలు కాల్చే పెట్టె అని పిలిచేవారు. వేడికి భయపడినవారు అట్టతో చేసిన ఒక పొగగొట్టం వంటిదానిని కొని దాని నెత్తిన నిలిపేవారు. నవ్వు రావచ్చునుగాని, అందులో శాస్త్రం ఉన్నది. వంటింటి పొగగొట్టం ఎంత పొడుగైతే పొగను అంత బాగా లాగుతుంది. 1987లో వచ్చిన మేకింటోషు ఎస్.ఇ. లోపల హార్డు డిస్కుకు కూడా చోటు ఉన్నది, దానితోపాటు పంకా కూడా ఉన్నది. 2000లో అదే సంస్థ మరల ఒక ప్రయత్నం చేసినది. ఎనిమిది అంగుళాల ఘనాకారపు పెట్టె, నడిబొడ్డున పైకి తెరచిన గాలిమార్గం, పంకా లేదు. చూడముచ్చటైన ఆ యంత్రం ఏడాది తిరిగేసరికి, 2001లో, తయారీనుండి విరమింపబడినది. అది వేడివల్ల ఓడిపోలేదు, వెలవల్ల ఓడిపోయినది.

ఇంతలో ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఒక విచిత్రం జరిగి ఉన్నది. ఏకార్న్ అనే చిన్న సంస్థలో సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్ అనే ఇద్దరు తమ కంప్యూటరుకు సొంతంగా ఒక చిప్పును రూపొందించుకొన్నారు. వారు నిశ్శబ్దాన్ని కోరలేదు, పొదుపును కోరినారు. చిప్పు ఒక వాటుకన్న ఎక్కువ తీసుకొంటే ఖరీదైన పింగాణీ తొడుగు కావలసివస్తుంది. ఒక వాటులోపల ఉంటే చౌకైన ప్లాస్టిక్ తొడుగు సరిపోతుంది. ఎంత తీసుకొంటుందో ముందుగా సరిగా లెక్కకట్టే సాధనాలు వారివద్ద లేవు గనుక, అడుగడుగునా జాగ్రత్తపడినారు. 1985 ఏప్రిల్ 26న తొలి చిప్పు చేతికి వచ్చినది. దానిని పలకలో అమర్చితే చక్కగా పనిచేసినది. ఎంత విద్యుత్తు తీసుకొంటున్నదో చూడాలని ఫర్బర్ మీటరు తగిలిస్తే ముల్లు సున్న దగ్గరనే నిలిచినది.

విషయం ఏమంటే, ఆ పలకలో చిప్పుకు విద్యుత్తు అందించే తీగ అసలు కలిసి లేదు. ఇతర భాగాలనుండి సంకేతాలు తెచ్చే కాళ్ళగుండా పారివచ్చిన కొద్దిపాటి విద్యుత్తుతోనే అది నడిచిపోతున్నది. వీధిలో కాలువ పారుతుంటే ఆ చెమ్మతోనే గోడప్రక్క మొక్క పెరిగినట్లున్నది ఈ ముచ్చట. తరువాత లెక్క చూస్తే దాని వాడకం సుమారు వాటులో పదవ వంతు మాత్రమే. దాని పేరు ఆర్మ్. ఈనాడు మన చేతులలో ఉన్న ఫోనులన్నిటిలోను, కొద్ది మినహాయింపులతో, ఆ వంశపు చిప్పులే ఉన్నవి. ఫోనుకు పంకా ఎందుకు లేదని ఎవరూ ఆశ్చర్యపడరు. ఆశ్చర్యపడకపోవటమే ఆ ఇద్దరి విజయానికి గుర్తు.

ఈ మార్గం కేంబ్రిడ్జిలో తెరచి ఉండగా, మిగిలిన ప్రపంచం ఎదురు దిశలో పరుగెత్తినది. 1981లో వచ్చిన ఐ.బి.యం. పర్సనల్ కంప్యూటరుకు విద్యుత్తు అందించే పెట్టెలో ఒక పంకా ఉండేది. చిప్పుకు ప్రత్యేకంగా ఏమీ లేదు, రెక్కల దిమ్మ కూడా లేదు. 1990లలో చిప్పు నెత్తిన మొదట లోహపు రెక్కలు, ఆ రెక్కల నెత్తిన పంకా వచ్చి చేరినవి. వేగం పెంచటమే ప్రగతి అనుకొన్న కాలం అది. రాబర్ట్ డెనార్డ్ అనే ఐ.బి.యం. శాస్త్రవేత్త 1974లో తన సహచరులతో కలిసి ప్రకటించిన సూత్రం ఆ పరుగుకు ధైర్యం ఇచ్చినది. ట్రాన్సిస్టరును చిన్నది చేస్తూ, దాని వోల్టేజిని కూడా అదే నిష్పత్తిలో తగ్గిస్తూ పోతే, అదే చోట ఎన్ని ట్రాన్సిస్టర్లను ఇరికించినా మొత్తం వేడి పెరగదని ఆ సూత్రం. మూడు దశాబ్దాలు అది నిలిచినది. పిమ్మట ట్రాన్సిస్టర్లు ఎంత చిన్నవైనవంటే, ఆపివేసినప్పుడు కూడా విద్యుత్తు వాటిలోనుండి కారిపోవటం మొదలుపెట్టినది. వోల్టేజిని ఇక తగ్గించే వీలు లేకపోయినది.

2004లో ఇంటెల్ సంస్థ విడుదల చేసిన ప్రెస్కాట్ అనే పెంటియం-4 చిప్పు ఆ పరుగుకు శిఖరం. వైశాల్యం 112 చదరపు మిల్లీమీటర్లు. వేడి, వేగవంతమైన రకాలలో 115 వాట్లు. చదరపు సెంటీమీటరుకు నూరు వాట్లన్నమాట. మన ఇస్త్రీపెట్టె వేయి వాట్లది అనుకొన్నా, దాని అడుగుభాగం వైశాల్యంతో భాగిస్తే సెంటీమీటరుకు ఐదారు వాట్లు మించదు. ఇస్త్రీపెట్టెకన్న పదిరెట్లకు పైగా చిక్కనైన వేడిని నూరు డిగ్రీల లోపల ఉంచటమంటే సామాన్యమా? పంకాలు నిమిషానికి వేలకొలది చుట్లు తిరిగి ఈల వేసినవి. అదే ఏడాది మే నెలలో ఇంటెల్ తన తరువాతి చిప్పు టేజస్‌ను పూర్తిచేయకుండానే విరమించుకొన్నది. వేగం వెనుక పరుగు అక్కడ ఆగినది; తక్కువ వాట్లతో ఎక్కువ పని అన్న మాట అక్కడినుండి మొదలైనది.

తైవాన్ దేశపు వయా సంస్థ ఆ మాటను అంతకుముందే పట్టుకొని ఉన్నది. 2001లో ఆ సంస్థ మినీ-ఐ.టి.ఎక్స్. అనే కొలతను ప్రకటించినది. కంప్యూటరు పలక అంతా పదిహేడు సెంటీమీటర్ల చదరంలో ఇమడవలెనని దాని నియమం. మరుసటి సంవత్సరం ఈడెన్ అనే నెమ్మదైన చిప్పుతో, పంకా లేకుండా, రెక్కల దిమ్మతో మాత్రమే నడిచే పలకలను అమ్మినది. ఆ చిప్పు వేగం 533 మెగాహెర్ట్జులు; ఆనాటి ఘనమైన చిప్పుల ప్రక్కన తాబేలు వంటిదే. అయినప్పటికీ ఉత్సాహవంతులు దానిని వెదకి కొన్నారు. బిస్కెట్ల డబ్బాలలో, చుట్టల పెట్టెలలో, పాత రేడియోల కొయ్యపెట్టెలలో ఆ పలకను అమర్చి ఆనందించినారు. వాల్వులు తీసివేసిన చోట కంప్యూటరు పలక, వెనుక అవే కన్నాలు. ఇంటిలో సినిమాలు చూపటానికి, పాటలు నిలువచేయటానికి ఇంతకన్న వేగం అక్కరలేదని తెలిసికొన్నవారు వారే మొదట.

2008లో ఇంటెల్ కూడా ఏటమ్ అనే చిన్న చిప్పుతో ఈ దారికి వచ్చినది. బల్లమీది రకం ఏటమ్ నాలుగు వాట్లది. దానిని అమర్చిన ఇంటెల్ వారి చిన్నపలక ఒకటి మాత్రం తమాషాగా ఉండేది. చిప్పుమీద కేవలం రెక్కలు. చిప్పుకు సహాయకంగా ఉన్న మరొక పాతరకపు చిప్పుమీద పంకా! అది ఇరవై రెండు వాట్ల ఘటం. దొర నాలుగు మెతుకులు తింటుంటే బంటు కుండెడు తిన్నట్లు. ఆ చిన్న పంకాయే ఆ పలక మొత్తానికి రొద.

చిన్న పంకాను ఎందుకు నిందిస్తున్నామో చెప్పవలసి ఉన్నది. పంకాలకు కొన్ని నియమాలున్నవి. పంకా వేగాన్ని సగానికి తగ్గిస్తే అది తోసే గాలి సగం అవుతుంది. కాని దాని చప్పుడు సుమారు పదిహేను డెసిబెళ్ళు తగ్గుతుంది. పది డెసిబెళ్ళు తగ్గితేనే చెవికి రొద సగమైనట్లు తోస్తుంది. అనగా గాలిలో సగం వదలుకొంటే, చప్పుడులో సగానికన్న చాలా ఎక్కువ వదిలిపోతుంది. అందుచేత నాలుగు సెంటీమీటర్ల పంకా గింగిరాలు తిరిగి చేసే పనిని పన్నెండు సెంటీమీటర్ల పంకా తాపీగా తిరిగి, చెవికి తెలియకుండా చేయగలదు. దానికితోడు చిన్న పంకా రొద సన్నని ఈల. పెద్దదానిది లోగొంతుక గాలి. మనిషి చెవి సన్నని ఈలనే ముందు పట్టుకొంటుంది. మన వీధుల దుమ్ము రెక్కలమీద పేరుకొని, ఇరుసులో నూనె ఎండిన తరువాత చిన్న పంకా ఇంకా గోలచేస్తుంది. చిన్న పెట్టెలు అమ్మేవారు పెట్టె ఎంత చిన్నదో గొప్పగా చెబుతారుగాని, ఆ చిన్నతనంవల్లనే లోపలి పంకా కూడా చిన్నదైనదని చెప్పరు.

వేడిని మోసే మరొక ఉపాయం ఈ కథలో మౌనంగా వచ్చి చేరినది. సన్నని రాగిగొట్టం, లోపల గాలి తీసివేసి, కొద్దిపాటి నీటిచుక్కలు ఉంచి, రెండు కొనలు మూసివేస్తారు. గొట్టం లోపలి గోడకు వత్తివంటి పూత ఉంటుంది. ఒక కొన వేడెక్కితే అక్కడి నీరు ఆవిరి అవుతుంది. ఆవిరి చల్లని కొనకు పరుగెత్తి, అక్కడ మరల నీరై, వత్తివెంట తిరిగి వస్తుంది. అన్నపు కుండ మూతకు పట్టిన నీరు మరల కుండలోకే జారినట్లు. కదిలే యంత్రభాగం ఒక్కటీ లేదు, చప్పుడు అసలే లేదు. అయినా అదే లావు గల రాగికడ్డీకన్న ఎన్నో రెట్లు వేడిని మోస్తుంది. అమెరికాలో రిచర్డ్ గాగ్లర్ 1944లోనే ఇటువంటిదానికి పేటెంటు పొందినారు, అది మూలబడినది. 1963లో లాస్ అలమోస్‌లో జార్జి గ్రోవర్ దానిని తిరిగి కనిపెట్టి పేరు పెట్టిన తరువాత, 1967లో కృత్రిమోపగ్రహంపై పరీక్షింపబడినది. అలాస్కా చమురు గొట్టపుమార్గాన్ని మోసే స్తంభాలలో, క్రింది మంచునేల కరగకుండా, ఇదే సూత్రంపై పనిచేసే గొట్టాలు లక్షకు పైగా ఉన్నవి. ఈనాటి చిన్న కంప్యూటర్లలో చిప్పు వేడిని పెట్టె గోడలకు చేర్చి, పెట్టె మొత్తాన్నే రెక్కల దిమ్మగా మార్చేది ఈ గొట్టమే. ఆపిల్-3 నిర్మాతలు అల్యూమినియం దిగువభాగంతో ఆశించిన పని ఇది. చిప్పునుండి గోడవరకు వేడికి బాట లేకపోవటమే నాడు లోటు.

2012లో కేంబ్రిడ్జినుండే రాస్‌బెరీ పై అనే పలక వచ్చినది. పేకముక్కంత పలక, దానిపై ఆర్మ్ వంశపు చిప్పు, రెండు మూడు వాట్ల వాడకం. పంకా లేదు, రెక్కలు కూడా లేవు. చవకగా పిల్లలకు కంప్యూటరు విద్య నేర్పాలని చేసినది. దాని తరువాతి తరాల కథ చూస్తే మాత్రం పాత కథే పునరావృతమైనది. ప్రతి తరంలోను వేగం పెరిగినది, వేగంతో వేడి పెరిగినది. 2019నాటి నాలుగవది ఎడతెగక పనిచేస్తే వేడెక్కి తన వేగం తానే తగ్గించుకొంటుంది. 2023నాటి ఐదవదానికి పంకా తగిలించుకొనే చోటు పలకమీదనే ఉన్నది. నిర్మాతలే పంకాతో కూడిన దిమ్మను విడిగా అమ్మినారు. పదకొండేండ్లలో నిరాడంబరుడు కూడా పంకా పెట్టించుకొన్నాడు.

ఇప్పుడు మన ఇంటి సంగతికి వద్దాము. పంకా లేని పెట్టెల ప్రశస్తిని వ్రాసేవారు తరచుగా ఇరవై, ఇరవై ఐదు డిగ్రీల గదిలో కొలిచి వ్రాస్తారు. మనకు ఆ గది ఎక్కడిది? రెక్కల దిమ్మ చేసే పని గది వేడికన్న చిప్పు వేడి ఎంత పైకి పోతుందో నిర్ణయించటమే. గదిని చల్లబరచటం దాని చేతిలో లేదు. ఒక దిమ్మ వాటుకు మూడు డిగ్రీల చొప్పున వేడి పెరగనిస్తుందనుకొందాము. పది వాట్ల చిప్పుకు ముప్పై డిగ్రీలు. ఇరవై ఐదు డిగ్రీల గదిలో చిప్పు ఏభై ఐదు దగ్గర హాయిగా ఉంటుంది. మే నెలలో విజయవాడలో నలభైరెండు డిగ్రీల గదిలో అదే చిప్పు డెబ్బైరెండుకు చేరుతుంది. దానిని టెలివిజను క్రింది తలుపుల బీరువాలో పెట్టి మూసివేస్తే లోపలి గాలే ఏభైఐదు కావచ్చు. చిప్పు ఎనభై ఐదు. యంత్రం కాలిపోదు. తన వేగాన్ని చప్పుడు చేయకుండా తగ్గించుకొంటుంది. నెమ్మదించినదేమని మనము యంత్రాన్ని తిట్టుకొంటాము. చిప్పుకన్న ఎక్కువ నష్టం ప్రక్కనున్న కెపాసిటర్లకు. పది డిగ్రీలు పెరిగితే వాటి ఆయువు సుమారు సగమవుతుందని ఇంజనీర్ల అంచనా.

కనుక పూర్తి నిశ్శబ్దాన్ని కోరేవారు ముందుగా చిప్పు వాట్లను చూడవలెను. ఆరు వాట్ల తరగతి చిప్పులు ఇప్పుడు తేలికగా దొరుకుతున్నవి. 2023లో వచ్చిన ఇంటెల్ ఎన్-100 అటువంటిది. ఉత్తరాలు వ్రాయటానికి, పిల్లల పాఠాలకు, పాటలకు, సినిమాలకు అది చాలును. కొందరు తయారీదారులు ఆరు వాట్ల చిప్పునే ఎక్కువ వాట్లు తినేటట్లు అమర్చి వేగం చూపుతారు. అమరికలలో ఆ హద్దును మరల తగ్గించే వీలు సాధారణంగా ఉంటుంది. హార్డు డిస్కుకు బదులు కదలిక లేని ఎస్.ఎస్.డి. ఉంటే మరొక రొద పోతుంది. పెట్టెమీది రెక్కలు ఎడంగా ఉండవలెను. పంకాకోసం చేసిన దగ్గరి రెక్కల మధ్య గాలి తనంతట తాను కదలలేదు. రెక్కలు నిలువుగా నిలిచేటట్లు పెట్టెను నిలబెడితే వేడిగాలికి దారి సుగమం. పైన పుస్తకాలు, చుట్టూ గుడ్డ తొడుగులు కూడవు. వాల్వు రేడియోకు కుట్టిన లేసు గుడ్డ అందంగానే ఉండేదిగాని, వెనుక కన్నాలమీద జారితే ఆ రేడియో కూడా అలిగేది.

ఇరవై, ముప్పై వాట్లు దాటే యంత్రం కావలసినవారికి, ముఖ్యంగా మన వేసవిలో, పంకా లేని పెట్టెను నేను సిఫారసు చేయను. అటువంటిదానికి పెద్ద దిమ్మలు లేకపోలేదు; ఆస్ట్రియా దేశపు నోక్టువా సంస్థ 2021లో అమ్మిన పంకా లేని దిమ్మ బరువు ఒక కిలోకు పైమాటే. అంత బరువును మోసే పెట్టె చిన్న పెట్టె కాదు. దానికన్న కొంచెం విశాలమైన పెట్టె, పెద్ద రెక్కల దిమ్మ, తాపీగా తిరిగే పన్నెండు సెంటీమీటర్ల పంకా మేలు. గదిలో తల పైన సీలింగు పంకా తిరుగుతుండగా దాని చప్పుడు ఎవరికీ వినబడదు. రికార్డింగు చేసేవారి సంగతి వేరు. మైక్రోఫోను ముందు పని చేసే మావంటివారికి తెలుసును: మనిషి చెవి ఎడతెగని రొదను కాసేపటికి మరచిపోతుంది, మైక్రోఫోను మరచిపోదు. అందుకే స్టూడియోలో పంకా గల కంప్యూటరును గోడకు అవతల ఉంచి, తీగలను మాత్రం లోపలికి తెచ్చుకొంటారు. ఇంటిలో పాటలు, కథలు రికార్డు చేసుకొనేవారు కూడా యంత్రాన్ని ప్రక్కగదిలో ఉంచితే పంకా బాధ సగం తీరుతుంది.

రేడియో వినే కుటుంబాలకు మరొక మాట. చెవికి వినబడని రొద కూడా ఒకటి ఉన్నది. రాడ్ హోల్ట్ ఇంటి కంప్యూటరులో ప్రవేశపెట్టిన స్విచింగు పద్ధతియే ఈనాడు ప్రతి చిన్న అడాప్టరులోను ఉన్నది. సెకనుకు వేలకొలది పర్యాయాలు విద్యుత్తును తెంపే ఆ చర్య రేడియో తరంగాలను కూడా వెదజల్లుతుంది. మీడియం వేవులో అది బుసబుసగా, గీగీమని వినబడుతుంది. ఇటువంటి బాధవల్లనే అమెరికా ప్రభుత్వం 1979లో గృహ కంప్యూటర్లు వెదజల్లే తరంగాలకు హద్దులు విధించినది. నాసిరకం అడాప్టర్లు ఈనాటికీ ఆ హద్దులను పాటించవు. పంకా లేని పెట్టెను తెచ్చుకొని నిశ్శబ్దం లభించినదనుకొనేముందు ఒక చిన్న ట్రాన్సిస్టరు రేడియోను మీడియం వేవులో ఏ కేంద్రమూ లేని చోట నిలిపి, అడాప్టరు దగ్గరకు తీసికొని పోయి చూడండి. రొద పెరిగితే అడాప్టరును రేడియోకు దూరంగా, వేరొక ప్లగ్గుకు మార్చండి. తీగకు ఒక ఫెర్రైటు ఉంగరాన్ని తగిలించండి. అప్పటికీ తగ్గకపోతే కంప్యూటరును కాదు, అడాప్టరును మార్చుకొంటే చాలును.